కౌంటు పెరిగితే రొయ్య చిన్నది: జియోక్యాషింగ్ పెట్టెలు కిక్కిరిసిపోతాయా?

క్లుప్తంగా: జియోక్యాషింగ్‌లో, అంటే జీపీఎస్ సాయంతో దాచిన పెట్టెలను వెతికే ఆటలో, రెండు పెట్టెల మధ్య కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలన్న నియమం ఉంది. కాబట్టి నేల మీద పెట్టెలు ఎంత దట్టంగా చేరవచ్చో హద్దు ముందే గీసి ఉంది. ఆ హద్దు చేరకముందే చూసుకునేవాళ్ల ఓపిక, వెతికేవాళ్ల ఆసక్తి తరిగిపోతాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నేలకు కొదవ లేదు. పెట్టె దాచడానికి పనికొచ్చే చోట్లే తక్కువ. ఇక్కడ ముందుగా నిండేవి ఆ కొద్ది చోట్లే.

అరచేతిలో ఇమిడిపోయే నల్లటి ప్లాస్టిక్ డబ్బా. ఒకప్పుడు కెమెరా రీళ్లు అందులో వచ్చేవి. మూత తీస్తే లోపల బీడీలా చుట్టిన కాగితం పట్టీ, దాని మీద వరుసగా తేదీలు, మారుపేర్లు. ఎవరో ఒకరు ఆ డబ్బాను రాతి సందులో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెడతారు. ఇంకెవరో ఫోను పట్టుకుని వచ్చి, వెతికి, దొరికితే పట్టీ మీద సంతకం చేసి, డబ్బాను ఎప్పటి చోటే పెట్టి వెళ్తారు. జియోక్యాషింగ్ ఆట ఇంతే. ఇందులోని ‘క్యాష్’ అన్న మాటకు డబ్బుతో సంబంధం లేదు, దాచిపెట్టిన సరుకు అని అర్థం. తెలుగులో పలికితే రెండూ ఒకటే అయిపోతాయి గనుక, ఆట గురించి వినగానే లోపల ఎంత ఉంటుందని అడిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ప్రపంచం మొత్తం మీద ఇలాంటి పెట్టెలు 30 లక్షలకు పైగా ఉన్నాయి. ఇలా దాస్తూ పోతే ఎప్పటికైనా దాచడానికి చోటు మిగలదేమో, వెతకడంలో రుచి పోతుందేమో అన్న సందేహం పెట్టెలు దట్టంగా ఉన్న దేశాల్లో చాలాకాలంగా ఉన్నదే. నెల్లూరులో కూర్చుని దాని గురించి ఆలోచించడం ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్నట్టు కనిపించవచ్చు. కానీ ఒక ప్రాంతం ఎలా నిండుతుందో చూడాలంటే ఇంకా నిండని ప్రాంతం దగ్గరే లెక్క మొదలుపెట్టాలి. పైగా ఒక సరుకు హద్దు మీరితే ఏమవుతుందో ఈ రెండు జిల్లాల తీరానికి ఇదివరకే అనుభవం ఉంది. ఆ సరుకు రొయ్య.

75 నుంచి 30 లక్షలకు

2000 సంవత్సరం మే నెల వరకు అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపేది. చూపిన చోటుకు, అసలు చోటుకు 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. మే 1 అర్ధరాత్రి దాటాక, అధ్యక్షుడు క్లింటన్ ఆదేశం మేరకు ఆ తప్పు కలపడం ఆపేశారు. మే 3న డేవ్ ఉల్మర్ అనే వ్యక్తి అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్టు దాచాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, ఒక పంగలకర్ర, ఒక బీన్స్ డబ్బా ఉన్నాయి. ఆ బకెట్టును సగం దాకా నేలలో పాతాడు. స్థలం యజమాని అనుమతి లేకుండా నేలను తవ్వి దాచకూడదన్నది ఇప్పటి నియమం కాబట్టి, ఈ ఆటలోని మొట్టమొదటి పెట్టెకు ఇవాళ తేలిగ్గా అనుమతి దొరకదు.

అదే ఏడాది సెప్టెంబరులో ఈ పెట్టెల జాబితా ఉంచే వెబ్‌సైటు, జియోక్యాషింగ్.కామ్, మొదలైంది. అప్పుడు జాబితాలో ఉన్నవి 75. 2010 మార్చి నాటికి 10 లక్షలు, 2013 తొలి నెలల్లో 20 లక్షలు, 2017 నాటికి 30 లక్షలు అయ్యాయి. మొదటి పది లక్షలకు పదేళ్లు పడితే రెండో పది లక్షలకు మూడేళ్లు చాలాయి. ఆ తర్వాత వేగం తగ్గింది. ఈ అంకెలన్నీ ఆ నాటికి వాడుకలో ఉన్న పెట్టెలవి. పాడై, పోయి, జాబితా నుంచి తీసేసినవి వీటిలో లేవు. అంటే వేగం తగ్గిందంటే దాచడం తగ్గిందనే కాదు, పోయేవి పెరిగాయని కూడా కావచ్చు. ఊరి జనాభా లెక్కలో పుట్టినవాళ్లను ఒక్కరినే చూస్తే ఎలా సరిపోదో ఇదీ అంతే.

161 మీటర్ల లెక్క

ఒక పెట్టెకు మైలులో పదో వంతు, అంటే సుమారు 161 మీటర్ల లోపల మరో పెట్టె ఉండకూడదు. కొత్త పెట్టె వివరాలు పంపినప్పుడు స్వచ్ఛందంగా పనిచేసే సమీక్షకులు ఈ దూరం చూసిన తర్వాతే జాబితాలోకి ఎక్కిస్తారు.

ఈ నియమం ఎంత చోటిస్తుందో చూద్దాం. తేనెపట్టులో గదుల్లా వీలైనంత దగ్గరగా పేర్చుకుంటూ వెళ్తే చదరపు కిలోమీటరుకు 44 పెట్టెలు పడతాయి. నెల్లూరు నగరపాలక సంస్థ విస్తీర్ణం సుమారు 150 చదరపు కిలోమీటర్లు. అందులో ఆరువేల ఆరువందల దాకా పట్టాలి. 2022 పునర్విభజనకు ముందున్న నెల్లూరు జిల్లా 13,076 చదరపు కిలోమీటర్లు, ప్రకాశం జిల్లా 17,626. రెండింటిలో కలిపి పట్టే పెట్టెలు 13 లక్షలు దాటుతాయి. అంటే ప్రపంచంలోని పెట్టెల్లో దాదాపు నలభై శాతం ఈ రెండు పాత జిల్లాల్లోనే సర్దేయవచ్చు. చోటు చాలదన్న భయానికి కాగితం మీద జవాబు ఇంత తేలిక. అందుకే ఆ జవాబును నమ్మకూడదు.

చెరువులో సీడు వేసినట్టు

తీరంలో రొయ్యల చెరువు పెట్టిన రైతుకు సాంద్రత అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. 2009లో వనామీ రొయ్య సాగుకు దారి తెరిచినప్పుడు, చదరపు మీటరుకు 60 రొయ్యపిల్లలకు (సీడుకు) మించి వేయకూడదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ హద్దు పెట్టింది. నిజానికి చదరపు మీటరు నీటిలో 60 కంటే ఎన్నో రెట్లు పిల్లలు పడతాయి. చెరువులో రొయ్య చోటు చాలక చావదు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోయి చస్తుంది. అడుగున మేత వ్యర్థం కుళ్లి చస్తుంది. ఒకదాని రోగం ఇంకోదానికి అంటుకుని చస్తుంది. 1990ల నడుమ టైగర్ రొయ్యల సాగును తెల్లమచ్చ వ్యాధి కుదేలు చేసినప్పుడు తీరం చూసింది ఇదే. 60 పిల్లల హద్దు, 161 మీటర్ల హద్దు ఒకే జాతి నియమాలు. రెండూ చోటును కొలుస్తాయి. కారణం ఒక్కటే, చోటును కొలవడం తేలిక.

పెట్టెల విషయంలో ప్రాణవాయువు వెతికేవాళ్ల రాకపోకలు. నీటిలో గాలి కలిపే ఏరేటరు యంత్రం లాంటిది, పెట్టె దాచినవాడి నిర్వహణ. తడిసిన కాగితం, పగిలిన మూత మార్చడం, పోయినదాని స్థానంలో కొత్తది పెట్టడం దాచినవాడి బాధ్యత. పది పెట్టెలున్న మనిషి నెలకోసారి తిరిగి చూసుకోగలడు. మూడు వందలున్న మనిషి చూసుకోలేడు, చూసుకోడు కూడా.

రొయ్యల రైతుకు బాగా తెలిసిన మరో లెక్క కౌంటు. కిలోకు ముప్పై తూగితే 30 కౌంటు, వంద తూగితే 100 కౌంటు. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. జియోక్యాషింగ్‌లోనూ సంఖ్య పెరిగిన చోట పెట్టె చిన్నదయింది. తొలి రోజుల్లో బకెట్లు, సైనికుల తూటాల పెట్టెలు దాచేవాళ్లు. లోపల చిన్న చిన్న వస్తువులుండేవి. ఒకటి తీసుకుంటే దానికి తగ్గ విలువున్నది మరొకటి పెట్టాలన్నది మర్యాద. తర్వాత రీలు డబ్బాలొచ్చాయి. ఆ తర్వాత చిటికెనవేలి కొనంత అయస్కాంతపు గొట్టాలొచ్చాయి. అందులో సంతకానికి తప్ప దేనికీ చోటు లేదు.

ఇలా కావడానికి మూలం ఆట లెక్కలోనే ఉంది. ప్రతి పెట్టెకు కష్టాన్ని, దారిని బట్టి 1 నుంచి 5 వరకు రెండు అంకెలిస్తారు. కానీ దొరికినవాటి మొత్తంలో మాత్రం అన్నీ సమానమే. ఉదయగిరి కోట ఎక్కి, చెమటోడ్చి, రాళ్ల మధ్య వెతికి పట్టుకున్నదీ ఒకటే; రోడ్డు పక్కన బండి దిగకుండా తీసిందీ ఒకటే. సంఖ్య పెంచుకోవాలనుకునేవాడికి రెండోదే గిట్టుబాటు. వెతికేవాళ్లు అటు వెళ్తుంటే దాచేవాళ్లూ అటే దాస్తారు.

దీని కొస అమెరికాలోని నెవాడా ఎడారిలో కనిపిస్తుంది. అక్కడ 375వ నంబరు రాష్ట్ర రహదారి వెంట, నియమం ఎంత ఎడం అడిగితే అంతే వదిలి, వెయ్యికి పైగా డబ్బాలు వరుసగా పెట్టారు. ఒక్క రోజులో వెయ్యి దాటించిన బృందాలున్నాయి. అంత వేగంలో వెతకడమంటూ ఏమీ ఉండదు: బండి ఆపడం, దిగడం, ముద్ర కొట్టడం, ఎక్కడం. కొన్ని బృందాలు డబ్బా తెరవడం కూడా మానేశాయి. ఒక చోటి డబ్బా తీసుకుని, అంతకుముందు చోట తెచ్చినది అక్కడ పెట్టి, దారిలో బండిలోనే ముద్ర వేసుకుంటూ పోతాయి. డబ్బా కనిపించకపోతే వెతికేవాళ్లే ఒకటి పడేసి, దొరికిందని రాసుకుంటారు. ఆ దారిలో ఏ డబ్బా ఎవరిదో దాచినవాడు కూడా చెప్పలేడు.

ఇదే కొలత ఇక్కడికి తెస్తే, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా సుమారు 120 కిలోమీటర్ల 16వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 750 డబ్బాలు పడతాయి. నియమం ఒక్కటి కూడా తప్పదు. లారీలు దూసుకుపోయే ఆ దారిలో 161 మీటర్లకోసారి బండి ఆపే మనిషి గురించి మాత్రం ఆలోచించాలి.

ఈ మొగ్గుకు విరుగుడుగా 2010 చివర్లో మెచ్చుకోలు పాయింట్లు వచ్చాయి. చందా కట్టిన సభ్యుడు పది పెట్టెలు పట్టుకుంటే, తనకు నచ్చిన ఒక పెట్టెకు ఒక పాయింటు ఇవ్వవచ్చు. దీనితో దట్టమైన నగరంలో కూడా మంచివాటిని ఏరుకునే వీలు వచ్చింది. చెత్త తగ్గలేదు. చెత్త కళ్లపడకుండా జల్లెడ పట్టుకోవడం మాత్రం కుదిరింది. వంద పెట్టెల్లో ఐదు బాగున్నా ఆ ఐదూ దొరికే దారి ఉంటే, కిక్కిరింపు బాధ సగానికి సగం తగ్గినట్టే.

మ్యాపులో కనిపించనివి

కొన్ని పెట్టెల అసలు చోటు మ్యాపులో ఉండదు. చిక్కుముడి విప్పితేనే తెలుస్తుంది. మ్యాపులో చూపిన బిందువు నుంచి అది 3 కిలోమీటర్ల దాకా దూరంలో ఉండవచ్చు. దాని చుట్టూ కూడా 161 మీటర్ల నియమం వర్తిస్తుంది. కాబట్టి ఖాళీగా కనిపించిన చోట కొత్త పెట్టెకు అనుమతి దొరకకపోవచ్చు. కారణం పూర్తిగా చెబితే చిక్కుముడి బయటపడుతుంది. దట్టమైన నగరాల్లో ‘చోటు లేదు’ అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇలా పుడతాయి. ఈ రెండు జిల్లాలకు ఆ తలనొప్పి రావడానికి చాలా కాలం పడుతుంది.

నేల ఎంత, చోటు ఎంత

13 లక్షల లెక్కలో తీసివేతలు మొదలుపెడితే అంకె వేగంగా కరుగుతుంది. ముందుగా చెరువులు, జలాశయాలు, వరిపొలాలు, ప్రైవేటు స్థలాలు పోతాయి. రైలు పట్టాలు, ఆనకట్టలు, ఓడరేవులు, పాఠశాలల పరిసరాలు పోతాయి. సోమశిల ఆనకట్ట మీదో, కృష్ణపట్నం ఓడరేవు గోడ పక్కనో తెలియని డబ్బా కనిపిస్తే అది ఆట వస్తువని ఎవరూ అనుకోరు. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ పట్టణంలో వీధిలో పెట్టిన ఒక పెట్టెను బాంబేమోనని బాంబు నిర్వీర్య దళం వచ్చి పేల్చేసింది. నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండుగకు లక్షల మంది వచ్చే రోజుల్లో అలాంటి డబ్బా ఒకటి బయటపడితే, పేల్చే దళం రాకముందే జరిగే తొక్కిడి వల్లే ఎక్కువ నష్టం.

అడవి సంగతి వేరు. పాత ప్రకాశం జిల్లా పడమటి భాగంలో నల్లమల, నెల్లూరు వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం ఉన్నాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ మనిషే తిరగకూడదు, పెట్టె మాట దేవుడెరుగు.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన అడ్డంకి ఇంకొకటి ఉంది: గుప్తనిధుల అనుమానం. పాత కోటల్లో, పాడుబడ్డ గుళ్లలో నిధి కోసం తవ్వి విగ్రహాలు పెకలించే ముఠాల వార్తలు ఊళ్లవాళ్లకు కొత్త కాదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన విలువైన వస్తువు గురించి ప్రభుత్వానికి తెలపకపోవడం నేరం. ఇలాంటి నేపథ్యంలో ఇద్దరు కుర్రవాళ్లు ఫోను చూసుకుంటూ ఉదయగిరి కొండ మీద రాళ్లు కదిలించి చూస్తుంటే, మేకలు తోలుకొచ్చిన మనిషికి ఏమనిపిస్తుంది? ‘అక్షాంశాలు చూసి పెట్టె వెతుకుతున్నాం’ అన్న నిజం, అబద్ధం కంటే అధ్వాన్నంగా వినిపిస్తుంది. ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ బయలు మీద 1854 నుంచి ఇలాంటి పెట్టెల ఆట ఒకటి ఉంది. అక్కడ రాళ్ల మధ్య వంగి వెతికే మనిషి మామూలు దృశ్యం. ఆ అలవాటు లేనిచోట ప్రతి వెతుకులాటా ఒక సంజాయిషీ.

ఈ తీసివేతలన్నీ అయ్యాక మిగిలే చోట్లు చిన్న జాబితా. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో సరుగుడు తోపుల అంచులు. కంభం చెరువు గట్టు. భైరవకోనకు వెళ్లే దారి. పెంచలకోన దగ్గరి కొండదారుల్లో అనుమతి దొరికే కొన్ని చోట్లు. నరసింహకొండ మెట్ల దారి. ఎవరైనా చూడదగ్గవని చెప్పే చోట్లు ఇవే కాబట్టి, అందరి కన్నూ వీటి మీదే పడుతుంది. భైరవకోనలో రాతిని తొలిచిన ఎనిమిది గుళ్లున్నాయి. వాటి దరిదాపుల్లో తగిన చోట మొదట వచ్చినవాడు ఒక రీలు డబ్బా విసిరినట్టు పెట్టి వెళ్తే, ఆ 161 మీటర్ల వృత్తం అతనిదే. తర్వాత ఆ చోటి కథ చెప్పే పెట్టె పెట్టాలని ఎవరైనా శ్రద్ధగా వస్తే, వాళ్లకు చోటు లేదు. జిల్లా మొత్తం మీద వంద పెట్టెలు కూడా లేకపోయినా, జిల్లాలోని పది మంచి చోట్లూ పది నాసిరకం డబ్బాలతో నిండిపోవచ్చు. ఇక్కడ కిక్కిరింపు వస్తే ఈ రూపంలోనే వస్తుంది, అదీ చాలా తొందరగా.

ఈశాన్య రుతుపవనాల పరీక్ష

ఈ జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు. మిగతా కాలంలో ఎక్కువగా ఎండ. రీలు డబ్బా మూత ఎండకు వదులై, వానకు నీళ్లు పీలుస్తుంది. లోపలి కాగితం మొదట ఉబ్బుతుంది, తర్వాత ముద్దవుతుంది, ఆ ముద్ద ఎండితే చెక్కలా గట్టిపడుతుంది. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టే కోసుకుపోయింది. ఇక నది ఒడ్డున రాళ్ల మధ్య ఉన్న డబ్బా గతి చెప్పేదేముంది?

వెతికేవాళ్లు వారానికి పదిమంది వచ్చే చోట పెట్టె పాడైతే రెండో రోజుకే తెలుస్తుంది. ఏడాదికి ఇద్దరు వచ్చే చోట పాడైన సంగతి ఏడాది తర్వాత తెలుస్తుంది. అప్పటికి దాచినవాడు ఉద్యోగానికి బెంగళూరో చెన్నైయో వెళ్లిపోయి ఉండవచ్చు. సెలవులకు ఊరొచ్చి సరదాగా ఒకటి దాచి తిరిగి వెళ్లిపోయే పద్ధతిని సమీక్షకులు సాధారణంగా ఒప్పుకోనిది ఇందుకే. దగ్గరలో ఉండి చూసుకునే మనిషి ఎవరో చెప్పాలి. వలసలు ఎక్కువగా ఉన్న జిల్లాలకు ఇది చోటు నియమం కంటే గట్టి అడ్డు.

పెట్టె లేని క్యాష్‌లు

డబ్బా లేకుండానే ఆడే రకాలున్నాయి. వీటికి దూరం నియమం పట్టదు. 2004లో అమెరికా భూగర్భ శాస్త్ర సంఘంతో కలిసి మొదలుపెట్టిన ఎర్త్‌క్యాష్ అందులో ఒకటి. చోటుకు వెళ్లి, అక్కడి రాతినో నేలనో పరిశీలించి, అడిగిన ప్రశ్నకు జవాబు పంపాలి. ఈ ప్రాంతానికి ఇంతకంటే తగిన రకం లేదు. చీమకుర్తి నల్లరాయిని ప్రపంచమంతా గెలాక్సీ గ్రానైటు పేరుతో కొంటుంది. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులు. శాస్త్రం లెక్కన అసలది గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి. క్వారీలోకి అనుమతి లేకుండా వెళ్లలేరు. అనుమతి దొరికిన చోట ఒక రాతి బండ ముందు నిలబడి ఆ చుక్కలను చూసి జవాబు రాయమంటే, దాచడానికి డబ్బా, పాడవడానికి కాగితం అక్కర్లేదు. గుప్తనిధుల అనుమానమూ రాదు.

అయితే డబ్బా లేనంత మాత్రాన కిక్కిరింపు ఉండదని కాదు. చోటును చూసి వస్తే చాలన్న వర్చువల్ క్యాష్‌లలో దేన్ని ఒప్పుకోవాలి, దేన్ని కాదనాలి అన్న వాదాలు ముదిరి, 2005లో కొత్తవాటిని ఆపేశారు. మళ్లీ 2017లో ఎంపిక చేసిన సభ్యులకు 4,000 మాత్రమే ఇచ్చారు. మీటర్లలో కొలవలేనిచోట చివరికి కోటా పెట్టాల్సి వచ్చింది.

ఖాళీ అయిన చోటు

పాడైన పెట్టె గురించి ఫిర్యాదులు చేరితే సమీక్షకుడు ముందు దాన్ని నిలిపివేస్తాడు. దాచినవాడు గడువులోగా బాగుచేయకపోతే జాబితా నుంచి తీసేస్తాడు. మ్యాపులో ఆ గుర్తు మాయమై, చుట్టూ ఉన్న 161 మీటర్ల వృత్తం మళ్లీ ఖాళీ అవుతుంది. కొత్తవాళ్లు అక్కడ దాచుకోవచ్చు. దట్టమైన నగరాలు ఇన్నేళ్లుగా ఊపిరాడకుండా పోకపోవడానికి ఒక ముఖ్య కారణం ఈ ఏరివేత.

చెరువులో పట్టుబడి అయ్యాక రైతు నీళ్లు తోడేసి, అడుగు ఎండబెట్టి, బురద తీసి మళ్లీ సీడు వేస్తాడు. ఇక్కడ తోడేసేది మ్యాపును మాత్రమే. సమీక్షకుడు కొండ ఎక్కి డబ్బా తీసుకురాడు. తీయాల్సింది దాచినవాడే, అతను ఊళ్లో లేడు. సరుగుడు వేళ్ల మధ్య ఇసుకలో ఆ నల్ల డబ్బా అలాగే ఉంటుంది. మ్యాపు ఖాళీ అని చెప్పిన చోట రెండో మనిషి దాచిన డబ్బా దానికి రెండు అడుగుల దూరంలో ఉండవచ్చు. వెతకడానికి వచ్చినవాడి చేతికి ముందు దొరికేది ఏదో, అతను ఏ ముద్ద కాగితం మీద సంతకం చేసి వెళ్తాడో జాబితాకు తెలియదు.